చివరి సీజన్ జింక వేటకి 8×42 బైనాక్యులర్: నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. డిసెంబర్ సగం దాటాక జింక వేటకి వెళ్లేవాళ్లు కొత్త గన్ మీదో, వాసన రాకుండా చేసే స్ప్రేల మీదో పెట్టే డబ్బులో కొంత తీసి ఒక మంచి 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పున్న) బైనాక్యులర్ కొనుక్కుంటే, దాన్ని ఛాతీ మీద పెట్టుకోవడానికి ఒక పట్టీ కూడా తీసుకుంటే, ఆ డబ్బు ఒక్క రూపాయి కూడా వృథా పోదు. నేను వాడుతున్నది మధ్యరకం ధరది, రెండు మూడు వందల డాలర్ల మధ్య దొరికేది. బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. ఈ ధరలో చాలా కంపెనీల అద్దాలు దగ్గరదగ్గరగా ఒకేలా ఉంటాయి, నేను చెప్పే మంచీ చెడూ ఏ ఒక్కరికీ అంటగట్టేవి కావు. ఇంకో విషయం, ఇది అమెరికా మిడ్‌వెస్ట్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై, లైసెన్సూ, ఒక్కో జింకకి ఒకటి చొప్పున ఇచ్చే అనుమతి చీటీ ట్యాగూ తీసుకుని చేసే వైట్‌టెయిల్ (తెల్లతోక జింక) వేట సంగతి. ఇండియాలో జింకని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అక్కడ ఉండి చదివేవాళ్లు అడవిలో జింకల్ని చూడటానికి వెళ్లినప్పుడు పనికొచ్చేంత మటుకు తీసుకోండి, చూడటం అనేది ఎక్కడైనా ఒకటే.

ఎందుకు ప్రత్యేకంగా చివరి సీజన్ అంటున్నానో చెప్పాలి. నవంబర్ మధ్యలో జతకట్టే కాలం జోరుగా ఉన్నప్పుడు మగ జింకలు ఒళ్లు తెలియకుండా తిరుగుతాయి, పట్టపగలు మధ్యాహ్నం పూట కూడా మన స్టాండ్ (చెట్టు మీద కట్టుకుని కూర్చునే మంచె) కింద నుంచి పరిగెత్తుకుంటూ పోతాయి. అప్పుడు బైనాక్యులర్ లేకపోయినా అదృష్టం కలిసొస్తే జింక దొరికి ట్యాగ్ వాడేసినట్టే అవుతుంది. డిసెంబర్ వచ్చేసరికి పరిస్థితి మొత్తం మారిపోతుంది. గన్ సీజన్ చప్పుళ్లన్నీ విన్న జింకలే మిగులుతాయి. మగవి ఆ నెలరోజుల పరుగులో ఒంటి బరువులో అయిదో వంతు దాకా పోగొట్టుకుని ఉంటాయి, ఇక వాటికి కావాల్సింది తిండీ, విశ్రాంతీ అంతే. ఎండ తగిలే దక్షిణం వైపు వాలులోనో, గాలి తగలని సీడర్ చెట్ల గుబురులోనో పడుకుని, సాయంత్రం బాగా పొద్దుపోయాక లేచి, కోయకుండా మిగిలిన మొక్కజొన్న చేలోకో సోయాబీన్ పొలంలోకో మెల్లగా బయల్దేరతాయి. చాలా రోజుల్లో అసలు కదలిక అంతా చివరి అరగంటలోనే ఉంటుంది. మొదటిసారి గర్భం దాల్చని ఆడవి దాదాపు 28 రోజులకి మళ్లీ ఎదకి వస్తాయి కాబట్టి డిసెంబర్‌లో చిన్న హడావిడి ఒకటి ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చుంటే కష్టమే.

అంటే ఆ అరగంట కోసం మూడు గంటలు ముందే వెళ్లి కూర్చోవాలి. మంచు గడ్డకట్టి అడుగేస్తే పెళపెళమని చప్పుడవుతుంది, ఆలస్యంగా వెళ్తే ఆ చప్పుడుకి పొలం పక్కన పడుకున్నవన్నీ లేచి పోతాయి. ఈ మూడు గంటల్లోనే మనుషులు ఓడిపోతారు. చలికి కాదు, చలికి ఇప్పుడు బోలెడు బట్టలున్నాయి. ఏ పనీ లేక ఓడిపోతారు. గంట కాగానే ఫోన్ బయటికి వస్తుంది, తల కిందికి వంగుతుంది, కాసేపటికి కాళ్లు ఆడించడం, లేచి నిలబడటం, చివరికి ఇంకో పావుగంటలో జింకలు లేస్తాయనగా దిగి ట్రక్కు దగ్గరికి నడవడం. ఓపిక లేక ఇలా అవుతుంది అనుకుంటారు గానీ, నా అనుభవంలో కళ్లకి పనిలేక ఇలా అవుతుంది. కళ్లకి ఒక క్రమమైన పని ఇస్తే మూడు గంటలు తెలియకుండా గడిచిపోతాయి. ఈ వస్తువు నాకు చేసిన అసలు మేలు ఇదే, జింకని దగ్గరగా చూపించడం రెండోది.

ఎనిమిదా పదా అని అందరూ అడుగుతారు. 10×42లో జింక ఇంకాస్త పెద్దగా కనిపించే మాట నిజమే, కానీ చలికి చేతులు వణుకుతున్నప్పుడు ఆ వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది. ఎనిమిదిలో ఒకేసారి కనిపించే వెడల్పు ఎక్కువ, కాబట్టి పొలం అంచుని తక్కువ కదలికతో చూసేయొచ్చు. వెలుగు సంగతి ఇంకా ముఖ్యం. ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వలయం ఎంతో తెలుస్తుంది: 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, 10తో అయితే 4.2, జేబులో పట్టే 8×25కైతే 3 పైచిలుకు. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, నడివయసు వాళ్లకి 5 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మనలాంటివాళ్లకి 8×42 సరిగ్గా సరిపోతుంది, దానికన్నా పెద్దది మెడకి బరువు తప్ప కొత్తగా చూపించేది పెద్దగా ఉండదు. సూర్యాస్తమయం అయిన ఇరవై నిమిషాలకి, ఉత్త కంటికి పొలం చివర అంతా ఒకే బూడిదరంగు ముద్దలా ఉన్నప్పుడు ఇది ఎత్తి చూస్తే అందులోంచి మొక్కజొన్న దుబ్బులు వేరు, జింక కాళ్లు వేరు అవుతాయి. చిన్న సైజు బైనాక్యులర్‌తో ఆ టైమ్‌లో ఏమీ తేలదు, అది పగటిపూటకే.

నేను చూసే పద్ధతి చెప్తాను, ఎందుకంటే పద్ధతి లేకపోతే వెయ్యి డాలర్లది కొన్నా అంతే. కూర్చోగానే ఎత్తను. ముందు ఉత్త కళ్లతో మొత్తం ఒకసారి, కదలిక ఉందేమో చూస్తాను. తర్వాత దగ్గర నుంచి మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి, మళ్లీ కొంచెం దూరం, కుడి నుంచి ఎడమకి, ఒక చూపు ఇంకో చూపు మీద కాస్త ఎక్కేలా. ప్రతిచోటా ఆగాలి. బైనాక్యులర్ కదులుతుండగా చూస్తే ఏమీ కనబడదు, దాన్ని నిలిపి లోపల కళ్లు కదపాలి. ఇది ఎవరైనా చెప్తే చిన్న విషయంలా ఉంటుంది, చేసి చూస్తేనే తేడా తెలుస్తుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చూపుడువేళ్లతో టోపీ అంచు పట్టుకుంటే వణుకు బాగా తగ్గుతుంది.

పూర్తి జింక కోసం వెతికితే దొరకదు. ఆకులు రాలిపోయిన అడవిలో చెట్లన్నీ నిలువు గీతలు, వాటి మధ్య నడుము ఎత్తులో ఒక అడ్డగీత కనిపిస్తే అక్కడ ఆగిపోవాలి, అది పడిపోయిన మానైనా కావచ్చు, వీపైనా కావచ్చు. మెడ కింద తెల్లమచ్చ, తడిగా మెరిసే నల్లటి ముక్కు, చెవి లోపలి లేతరంగు, ఇలాంటి ముక్కలు వెతకాలి. నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. వాలు మీద పడిపోయిన ఓక్ చెట్టు, దాని వేర్ల దగ్గర మంచు పేరుకున్న గుట్ట. అప్పటికే దాని మీదుగా చాలాసార్లు చూపు పోనిచ్చాను. ఫోకస్ చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ముందున్న కొమ్మల్ని మసకబార్చి వెనక ఉన్నదాన్ని తేరుస్తుంటే ఆ గుట్ట పక్కన ఏదో చిన్నగా ఆడింది, ఈగని తోలుకున్నట్టు. మంచులో ఈగ ఎక్కడిది? ఆగి చూస్తే చెవి. ఇంకాసేపు చూస్తే ముక్కు దగ్గర సన్నటి ఆవిరి. పడుకుని ఉన్న పెద్ద ఆడ జింక, వీపు మీద మంచు కరగకుండా అలాగే ఉంది, ఎందుకంటే చలికాలం బొచ్చులో వెంట్రుకలు లోపల బోలుగా ఉండి ఒంటి వేడిని బయటికి పోనివ్వవు. ఆ మంచు గుట్టలో సగం జింకే. అది లేచేదాకా అక్కడే చూస్తూ ఉన్నాను, లేచినప్పుడు దాని వెనక ఇంకో రెండు లేచాయి, అవి ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఇలా ముందుగానే కనిపెట్టినదాని లాభం ఏంటంటే, అది లేచి వచ్చేలోపు మన గుండెదడ తగ్గుతుంది, గాలి ఎటుందో చూసుకోవచ్చు, టెన్షన్‌లో చేసే పనులు తగ్గుతాయి. పొలంలోకి వచ్చిన ఆడ జింక చెవులు ఎటు తిరుగుతున్నాయో కూడా చూడండి. అది తల తిప్పి వచ్చిన దారివైపే మళ్లీ మళ్లీ చూస్తోందంటే వెనక ఇంకోటి ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద మగది దాదాపు ఎప్పుడూ అందరికన్నా చివర వస్తుంది, మిగతావన్నీ క్షేమంగా తింటున్నాయని చూసుకున్నాకే.

చివరి సీజన్‌లో బైనాక్యులర్ లేకుండా అసలు గన్ ఎత్తకూడదు అనడానికి ఇంకో కారణం ఉంది. చాలామంది దగ్గర అప్పటికి మిగిలేది కొమ్ములు లేని జింక ట్యాగే. కొమ్ములు లేనిదల్లా ఆడది కాదు. ఆ ఏడు పుట్టిన మగపిల్లకి చర్మం కింద చిన్న బుడిపెలే ఉంటాయి, దూరానికి అచ్చం ఆడదానిలా ఉంటుంది. కొన్ని పెద్ద మగవాటికి డిసెంబర్ చివరికే కొమ్ములు రాలిపోతాయి కూడా. ఎనిమిది రెట్లలో తీరిగ్గా చూస్తే తెలుస్తుంది: ఈడు వచ్చిన ఆడదాని మూతి పొడుగు, ఒళ్లు పొడుగ్గా ఉంటుంది, చెవుల మధ్య నడినెత్తి గుండ్రంగా ఉంటుంది. పిల్లది పొట్టి మూతి, ఒళ్లు చతురస్రంలా, మగపిల్లకైతే నెత్తి చదునుగా. పొలంలోకి ఒంటరిగా, ఏ జాగ్రత్తా లేకుండా అన్నిటికన్నా ముందు వచ్చేది చాలాసార్లు ఆ మగపిల్లే. దాన్ని వదిలేసి ఇంకో పది నిమిషాలు చూడగలగాలంటే, అది ఏంటో ముందు తెలియాలి కదా.

ఆఫీసులో ఒక తమ్ముడు ఈ ఏడే కొత్తగా లైసెన్స్ తీసుకున్నాడు, "అన్నా, గన్ మీద స్కోప్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు దండగ?" అన్నాడు. ఇది మాత్రం కొత్తవాళ్లందరికీ గట్టిగా చెప్పాలి. స్కోప్ అంటే గన్ మీద బిగించిన, గురి చూసే దుర్బిణి. దానితో వెతకడం అంటే, ఏంటో తెలియని ప్రతి దాని మీదకీ గన్ గురిపెట్టడమే. ఆ కదిలింది పక్క పొలంలో తిరిగే మనిషి అయితే? హంటర్ ఎడ్యుకేషన్‌లో చెప్పే మొదటి సూత్రాల్లో ఇదొకటి, అయినా బద్ధకానికి చేస్తారు. బైనాక్యులర్‌తో చూసి, అదేంటో తెలుసుకుని, దాని వెనక ఏముందో చూసుకుని, ఆ తర్వాతే గన్ ఎత్తాలి. దీని ఒక్కదాని కోసమైనా కొనండి.

ఎత్తడం కూడా ఒక పనే. ఆకులు లేని చెట్టు మీద మనం బాగా కనపడతాం. జింకకి కళ్లు పక్కలకి ఉండటం వల్ల తల తిప్పకుండానే చుట్టూ చాలా భాగం కనిపిస్తుంది, సన్నటి వివరం అంత బాగా తెలియదు గానీ కదలిక ఇట్టే పసిగడుతుంది. కాబట్టి చేతులు చాచకుండా, ఒంటికి ఆనించి, ఛాతీ మీద నుంచి నిటారుగా గడ్డం పక్కగా పైకి తేవాలి. అది తల దించి తింటున్నప్పుడే కదలాలి, తోక ఒక్కసారి ఆడించిందంటే తల ఎత్తబోతోందని లెక్క, వెంటనే ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోవాలి. ఒక్కోసారి తల దించినట్టే దించి టక్కున ఎత్తుతుంది. అనుమానం వచ్చినప్పుడు చేసే పని అది, దాన్ని తట్టుకోవాలంటే తల దించాక కూడా రెండు ఊపిర్లు ఆగి కదలడం అలవాటు చేసుకోవాలి.

ఇక చలిలో దీని ప్రవర్తన. లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసి ఉంటుంది కాబట్టి లోపల ఆవిరి పట్టదు, ఆ మాట నిలబెట్టుకుంది. బయట అద్దానికి మాత్రం మన ఊపిరి తగిలితే చాలు మసకేస్తుంది, అది ఏ కంపెనీదైనా అంతే. ముఖానికి కట్టుకున్న గుడ్డని ముక్కు కిందికి లాగి, ఊపిరి కిందికి వదులుతూ చూడాలి. వెచ్చగా ఉంటుందని జాకెట్ లోపల పెట్టుకోకండి, ఒంటి వేడికి వెచ్చబడ్డ అద్దాన్ని బయటికి తీసి, ఆ లోపలి తేమతో సహా చలిగాలిలో పెడితే సరిగ్గా కావాల్సిన నిమిషంలో మసకేస్తుంది. జాకెట్ పైనే ఉండనివ్వండి. మంచు పడితే గ్లోవ్‌తో తుడవకుండా చిన్న బ్రష్‌తో దులపండి, ఊదితే అక్కడే గడ్డకడుతుంది. బాగా గడ్డకట్టే చలిలో ఫోకస్ చక్రం బిగుసుకుపోతోంది, లోపలి గ్రీజు చిక్కబడి వేలితో గట్టిగా తోయాల్సి వస్తోంది. మందం గ్లోవ్స్‌తో ఇంకా ఇబ్బంది. నేను పల్చటి గ్లోవ్స్ వేసుకుని, నడుముకి కట్టుకుని చేతులు దూర్చుకునే సంచీలో వేడి ప్యాకెట్లు పెట్టుకుని, చేతులు అందులో ఉంచుతున్నాను. కంటికి ఆనే రబ్బరు కప్పులు చలికి గట్టిపడి, పైకి తిప్పి పెట్టినవి మళ్లీ కిందికి జారుతున్నాయి, అది చిరాకు. దూరం కొలిచే లేజర్ కూడా కలిపి ఉన్న మోడళ్లు ఉన్నాయి గానీ వాటికి బ్యాటరీ కావాలి, చలికి బ్యాటరీ నీరసపడుతుంది. మామూలు బైనాక్యులర్‌కి ఆ బెంగే లేదు, దూరం కొలిచేది వేరేగా లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోవచ్చు.

ఛాతీ పట్టీ గురించి నా కోపం దాచుకోను. నేను మొదట కొన్నదానికి, బైనాక్యులర్ పెట్టుకునే సంచీ మూత వెల్‌క్రోతో మూసుకునేది. నిశ్శబ్దంగా ఉన్న చలి సాయంత్రం ఆ చర్రుమనే చప్పుడు వంద గజాల అవతలికి కూడా వినబడుతుంది, వేటకని అమ్మే సామానుకి వెల్‌క్రో పెట్టినవాళ్లు ఒక్కసారైనా అడవిలో కూర్చుని చూశారా అని అడగాలనిపిస్తుంది. అయస్కాంతంతో మూసుకునే మూత ఉన్నది తీసుకోండి, ఒంటిచేత్తో చప్పుడు లేకుండా తెరవొచ్చు, కాకపోతే దిక్సూచిని దాని దగ్గర పెట్టకండి. చలికాలం జాకెట్ మీద సరిపోయేంత పొడుగు పట్టీ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. చెట్టు మీద స్టాండ్‌లో కూర్చునేవాళ్లు పడిపోకుండా కట్టుకునే హార్నెస్ ముందు వేసుకుని, దాని తాడుకి అడ్డం రాకుండా దీన్ని పైన వేసుకోవాలి. మెడకి వేలాడే మామూలు తాడుతో వద్దు, అది ఊగి బట్టన్‌కి తగిలి చప్పుడు చేస్తుంది, గంటకి మెడ పట్టేస్తుంది.

చీకటి పడ్డాక కూడా దీని పని అయిపోదు. చాలా రాష్ట్రాల్లో సూర్యాస్తమయం తర్వాత అరగంటకి కాల్చే సమయం ముగుస్తుంది, అప్పటికి పొలంలో ఇంకా జింకలు తింటూ ఉంటాయి. మనం దిగి నడిస్తే ఆ పొలం ఇక ఆ సీజన్‌కి పోయినట్టే, రేపటి నుంచి అవి పూర్తి చీకటి పడేదాకా బయటికి రావు. అందుకని దిగేముందు ఒకసారి మొత్తం చూస్తాను, ఉత్త కంటికి ఖాళీగా ఉన్న పొలంలో నాలుగైదు తలలు కనపడటం మామూలే. ఉంటే అవి వెళ్లేదాకా కూర్చోవడమో, లేదా పొలం యజమానికి మెసేజ్ పెట్టి ట్రక్కు తీసుకుని ఒకసారి రమ్మనడమో చేస్తాను. రోజూ చూసే బండి వస్తే అవి పక్కకి జరుగుతాయి గానీ, మనిషి కూర్చున్నచోటు ఇదీ అని తెలుసుకోవు.

కొనేవాళ్లకి ఒకటి రెండు మాటలు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటికీ అద్దానికీ మధ్య దూరం కనీసం 15, 16 మిల్లీమీటర్లు ఇచ్చే మోడల్ చూసుకోండి, లేకపోతే బొమ్మ అంచులు నల్లగా కోసుకుపోతాయి. షాపులో అద్దాల గోడ అవతల వెలుగులో ఉన్న బోర్డు చూసి మురిసిపోకండి, ఆ వెలుగులో అన్నీ బాగానే ఉంటాయి. ఏ అల్మరా కిందో నీడలో ఉన్న మూల చూసి పోల్చండి, వీలైతే సాయంత్రం పూట వెళ్లి బయటికి తీసుకెళ్లి చూపించమనండి. ఇంటికి తెచ్చాక ఎడమ కన్ను మూసి కుడి కంటి దగ్గర ఉన్న రింగ్‌ని మీ చూపుకి సరిచేసుకుని అక్కడ చిన్న గుర్తు పెట్టుకోండి, అది కదిలిపోయినా చీకట్లో సరిచేసుకోవచ్చు. నలభై గజాలకి మించి కనపడని దట్టమైన పొదల్లో కూర్చునేవాళ్లకి కూడా ఇదే చెప్తాను, పొదల్లోంచి ముక్కల్ని ఏరడానికే ఇది ఎక్కువ పనికొస్తుంది.

అద్దాలకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, చక్రం బిగుసుకోవడానికీ రబ్బరు కప్పులు జారడానికీ కలిపి ఒక అర తీశాను. వెల్‌క్రో పట్టీకి ఒకటి, తర్వాత కొన్న అయస్కాంతం పట్టీకి నాలుగు. వచ్చే జనవరిలో మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే రకం గన్) రోజులకి ఎవరైనా ఇదే సైజు కొంటుంటే చక్రం చలిలో ఎలా తిరుగుతోందో కింద రాయండి, గ్రీజు విషయంలో ఏ మోడల్ మెరుగో తెలుసుకోవాలని ఉంది.